తొమ్మిది పిన్నుల ప్లగ్గును నమ్మొద్దు: పాత హోమ్ కంప్యూటర్‌కు సరిపోయే మౌస్ వెతకడం ఎలా

అటక మీద ఏళ్ళ తరబడి పడున్న అమిగానో, అటారీ ఎస్‌టీనో, కమోడోర్ 64నో దించి, దులిపి, స్విచ్ వేశారు. తెర మీద బొమ్మ వచ్చింది, కీబోర్డు పలుకుతోంది. మౌస్ మాత్రం లేదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటే. విశాఖ ద్వారకానగర్‌లో ఏదో కంప్యూటర్ కొట్టు మూలన దొరికిన తొమ్మిది పిన్నుల మౌస్ తెస్తారు, వెనక సాకెట్లో చక్కగా కూర్చుంది కదా అని కంప్యూటర్ ఆన్ చేస్తారు. కూర్చోవడం వేరు, సరిపోవడం వేరు. 1980ల్లో కనీసం అరడజను రకాల మౌస్‌లు ఈ తొమ్మిది పిన్నుల ప్లగ్గుతోనే వచ్చాయి. 5 వోల్టులు ఒకదానిలో 7వ పిన్నులో ఉంటే, ఇంకోదానిలో 5వ పిన్నులో, మరోదానిలో 2వ పిన్నులో ఉంటాయి. తప్పు జత కుదిర్చితే మౌస్ పోవడం చిన్న నష్టం. అమిగాలో మౌస్ ఎడమ బటన్ వైరు నేరుగా 8520 చిప్‌కు వెళ్తుంది, కమోడోర్ 64లో ఆ పోర్టు వైర్లు 6526 చిప్‌కు వెళ్తాయి. ఆ చిప్‌లు పోతే మళ్ళీ వెతికి తెచ్చుకోవడం మౌస్ వెతకడం కంటే కష్టం.

కాబట్టి ప్లగ్గు ఆకారం పక్కన పెట్టి రెండు ప్రశ్నలకు జవాబు పట్టుకోండి: మీ యంత్రం మౌస్ నుంచి ఎలాంటి సంకేతం ఆశిస్తోంది? చేతిలో ఉన్న మౌస్ ఎలాంటి సంకేతం పంపుతోంది? రెండోది తేల్చడానికి ఒక మల్టీమీటరు, ఒక పిన్నీసు చాలు.

యంత్రం సంగతి ముందు

విశాఖలో ఇలాంటి యంత్రాలు వచ్చిన దారులు రకరకాలు. ఓడల మీద పనిచేసినవాళ్ళు బయటి రేవుల్లో కొని తెచ్చినవి కొన్ని. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ సామాన్లతో వచ్చినవి కొన్ని. అరబ్బీ అక్షరాల కీబోర్డున్న సఖ్ర్ కంప్యూటర్ కనబడితే అది ఎంఎస్‌ఎక్స్ (చాలా కంపెనీలు ఒకే ప్రమాణంతో చేసిన హోమ్ కంప్యూటర్లు) జాతిది. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద దేశంలో బళ్ళకు బీబీసీ మైక్రోలు ఇచ్చారు. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ పేరుతో వచ్చిన యూనికార్న్ కూడా అదే యంత్రం. ఇక ఆఫీసుల నుంచి బయటపడ్డ పీసీలు అన్నిటికంటే ఎక్కువ.

యంత్రం అడుగున ఉన్న లేబుల్ మీద మోడల్ పేరు రాసుకోండి. తర్వాత సాకెట్ చూడండి. అమిగా, ఎస్‌టీ, కమోడోర్ 64, ఎంఎస్‌ఎక్స్ వీటన్నిటికీ కంప్యూటర్ వైపు మేల్, అంటే పిన్నులు బయటికి కనబడతాయి. వెడల్పు వరుస పైకి ఉండేలా ఎదురుగా చూస్తే, పై వరుసలో ఎడమ నుంచి కుడికి 1 నుంచి 5, కింది వరుసలో 6 నుంచి 9. మౌస్ ప్లగ్గు ఫిమేల్ కాబట్టి దాని ముఖం మీద లెక్క అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది: 1వది కుడి చివర ఉంటుంది. సోల్డరింగ్ వైపు నుంచి చూస్తే మళ్ళీ తిరగబడుతుంది. ఈ పనిలో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే. మంచి కనెక్టర్లకు ప్లాస్టిక్ మీదే సన్నగా అంకెలు అచ్చుపోసి ఉంటాయి. భూతద్దం పెట్టి అవే చదవండి, జ్ఞాపకం మీద ఆధారపడొద్దు.

మౌస్ పెట్టకముందే పోర్టు వోల్టేజీ చూడండి. అమిగా, ఎస్‌టీ, కమోడోర్ 64 మూడిటికీ 7వ పిన్ను 5 వోల్టులు, 8వది గ్రౌండు. మీటరు ముల్లులతో పిన్నులు ఒకదానికొకటి తగలనివ్వకుండా కొలిస్తే 4.75 నుంచి 5.25 లోపు రావాలి. అంతకన్నా ఎక్కువ వస్తే మౌస్ మాట మరచిపోయి ముందు పవర్ సప్లై బాగుచేయించండి. కమోడోర్ 64 పాత పవర్ ఇటుకల్లో 5 వోల్టుల రెగ్యులేటర్ చెడి వోల్టేజీ పైకి పోవడం బాగా తెలిసిన జబ్బు. అది లోపలి చిప్‌లను కూడా కాల్చేస్తుంది.

కొట్టు దగ్గరే తేల్చుకునే పరీక్ష

ద్వారకానగర్ కంప్యూటర్ కొట్లలో పాత స్టాకు, డాబాగార్డెన్స్, జగదాంబ వైపు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలు, గాజువాక ఆటోనగర్ వైపు పాత సామాన్ల కొట్లు, అన్నీ తిరగాల్సినవే. పాత సామాన్ల కొట్లో మౌస్‌లు కుప్పగా ఉంటాయి, పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియదు. "పాత తొమ్మిది పిన్నుల మౌస్‌లు, బాల్ ఉన్నవి" అని అడిగి, కుప్ప మీరే వెతుక్కోండి. జేబులో మల్టీమీటరు, రెండు పిన్నీసులు, చిన్న స్టార్ స్క్రూడ్రైవరు ఉంచుకోండి.

1. ప్లగ్గు చూడండి. రంధ్రాలు కాకుండా పిన్నులు బయటికి ఉంటే అది తొలి మాకింటోష్ మౌస్ కావచ్చు. దాని 5 వోల్టులు 2వ పిన్నులో, బటన్ 7వ పిన్నులో ఉంటాయి. జెండర్ చేంజర్ (మేల్‌ను ఫిమేల్‌గా మార్చే ముక్క) పెట్టి అమిగాకు తగిలించే ఆలోచన అసలు వద్దు.

2. మీటరును బజర్ మీద పెట్టండి. ఒక పిన్నీసు 8వ రంధ్రంలో, ఇంకోటి 6వ రంధ్రంలో దూర్చి, వాటికి ముల్లులు ఆనించండి. ఎడమ బటన్ నొక్కినప్పుడు మాత్రమే బజర్ మోగితే పని సగం అయినట్టే. తర్వాత 8, 9 మధ్య అదే పరీక్ష కుడి బటన్‌తో. రెండూ మోగితే ఆ మౌస్ అమిగా లేదా ఎస్‌టీ కుటుంబానిది. ఆ మౌస్‌లలో బటన్లు ఏ చిప్ గుండానూ పోకుండా నేరుగా గ్రౌండుకు కలుస్తాయి, అందుకే కరెంటు లేకుండానే పరీక్ష పనిచేస్తుంది.

3. మోగకపోతే, కొట్టువాణ్ణి అడిగి అడుగు స్క్రూలు విప్పండి. స్క్రూలు ఒక్కోసారి కాళ్ళ స్టిక్కర్ల కింద దాగి ఉంటాయి. బోర్డుకు వచ్చే వైర్లు లెక్కపెట్టండి. నాలుగు లేదా ఐదు ఉంటే సీరియల్ మౌస్, పీసీది. ఎనిమిది, తొమ్మిది ఉంటే క్వాడ్రేచర్ జాతి, అంటే కదలికను నేరుగా వైర్ల మీద అలలుగా పంపేది.

4. అడుగున చిన్న స్విచ్ ఉంటే దాని మీది అక్షరాలు జాగ్రత్తగా చదవండి. "ఎంఎస్", "పీసీ" అని ఉంటే అది సీరియల్ మౌస్; ఆ స్విచ్ మైక్రోసాఫ్ట్ పద్ధతికీ మౌస్ సిస్టమ్స్ అనే కంపెనీ పద్ధతికీ మధ్య మారుస్తుంది, అంతే. "అమిగా", "ఎస్‌టీ" అని ఉంటే మాత్రం బేరం ఆడకుండా కొనేయండి. 1980ల చివర్లో వేరే కంపెనీలు రెండు యంత్రాలకూ పనికొచ్చేలా చేసిన మౌస్‌లు అవి.

బజర్ పరీక్షకు ఒక పరిమితి ఉంది: అమిగా మౌసా, ఎస్‌టీ మౌసా అన్నది అది చెప్పదు. అయితే రెండిటికీ 5 వోల్టులు, గ్రౌండు, బటన్లు ఒకే పిన్నుల్లో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఇంకోదానికి పెట్టి చూస్తే ఏదీ కాలదు. బాణం పిచ్చిగా కదులుతుంది, అంతే. ఎంఎస్‌ఎక్స్ మౌస్‌కు ఈ ధీమా వర్తించదు: దానిలో 5వ పిన్ను 5 వోల్టులు, 9వది గ్రౌండు.

అమిగా, ఎస్‌టీ: 1నీ 4నీ అటూఇటూ చేయడం

క్వాడ్రేచర్ అంటే బెదిరిపోవాల్సిన పని లేదు. మౌస్ లోపల చక్రానికి చీలికలుంటాయి, ఒక వైపు ఎల్‌ఈడీ, రెండో వైపు రెండు కాంతి సెన్సర్లు. చక్రం తిరిగితే రెండు వైర్ల మీద ఒకే రకం అలలు వస్తాయి, ఒకటి రెండోదానికంటే పావు అల వెనక. ఏ వైరు ముందు మారిందో చూసి కంప్యూటర్ దిశ తెలుసుకుంటుంది, ఎన్నిసార్లు మారిందో చూసి దూరం తెలుసుకుంటుంది. అడ్డానికి రెండు వైర్లు, నిలువుకు రెండు. ఈ నాలుగు వైర్ల వరుసలోనే అమిగాకూ ఎస్‌టీకీ తేడా.

అమిగాలో 1వ పిన్ను నిలువు, 2 అడ్డం, 3 నిలువు రెండోది, 4 అడ్డం రెండోది. ఎస్‌టీలో 1, 2 అడ్డానివి, 3, 4 నిలువువి. కాగితం మీద గీసి చూస్తే మీకే కనబడుతుంది: 1నీ 4నీ మార్చితే చాలు, అడ్డం జత, నిలువు జత రెండూ వాటి చోట్లకు చేరతాయి. అటు నుంచి ఇటుకూ ఇటు నుంచి అటుకూ ఇదే మార్పు, కాబట్టి ఒక్క అడాప్టర్ రెండు పనులకూ వస్తుంది.

మార్చకుండా పెడితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి, రోగ నిర్ధారణకు పనికొస్తుంది. ఎస్‌టీ మౌస్‌ను అలాగే అమిగాకు పెట్టి తిన్నగా కుడికి జరిపితే బాణం ముందుకు పోదు, ఉన్నచోటే వణుకుతుంది. అడ్డం జతలో ఒక వైరే అడ్డం లెక్కలోకి వచ్చింది, రెండోది నిలువు లెక్కలో పడింది. జతలో ఒకటే మారుతుంటే కంప్యూటర్ ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు లెక్కేస్తుంది. మౌస్ పాడైందని పారేయడానికి ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి.

అడాప్టర్‌కు కావలసినవి: ఒక మేల్, ఒక ఫిమేల్ తొమ్మిది పిన్నుల కనెక్టర్, సోల్డర్ చేసే రకం, 15 సెంటీమీటర్ల ఎనిమిది లేదా తొమ్మిది కోర్ల కేబుల్, 2 మిల్లీమీటర్ల హీట్ ష్రింక్ స్లీవ్, 25 వాట్ల ఐరన్, 0.8 మిల్లీమీటర్ల సోల్డర్.

మౌస్ దూరే వైపు మేల్, కంప్యూటర్‌లో దూరే వైపు ఫిమేల్. మేల్ 1 నుంచి ఫిమేల్ 4కు, మేల్ 4 నుంచి ఫిమేల్ 1కి వైర్లు వేయండి. 2, 3, 5, 6, 7, 8, 9 తిన్నగా. వైరు సోల్డర్ చేయకముందే స్లీవ్ ముక్క ఎక్కించండి, తర్వాత ఎక్కదు. కనెక్టర్ వెనక చిన్న గిన్నెల్లాంటి కాళ్ళలో ముందు కొంచెం సోల్డర్ నింపుకొని, వైరు కొసకు కూడా పూసి, రెండు సెకన్లు వేడి ఆనిస్తే అతుక్కుంటుంది. ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ కరిగి పిన్ను వంకరపోతుంది. అయ్యాక 7కీ 8కీ మధ్య బజర్ పెట్టండి. మోగకూడదు. ఈ ఒక్క పరీక్ష మానొద్దు.

ఎస్‌టీ వాళ్ళకు ఒక మాట. 520 ఎస్‌టీఎఫ్‌ఎం, 1040 ఎస్‌టీఎఫ్ లాంటి మోడళ్ళలో మౌస్ పోర్టు యంత్రం అడుగున లోతుగా ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ హుడ్ అక్కడ పట్టదు. హుడ్ తీసేసి ఇన్సులేషన్ టేపు చుట్టండి, లేదా సన్నటి అచ్చుపోసిన ప్లగ్గున్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ శాశ్వతంగా అక్కడ ఉంచేయండి. రెండోది మేలు. మాటిమాటికీ తీసిపెట్టడం వల్ల ఆ సాకెట్ల సోల్డర్ పగులుతుంది. మౌస్ ఎస్‌టీలో 0వ పోర్టుకు, అమిగాలో 1వ పోర్టుకు. మార్చేటప్పుడు ప్రతిసారీ కంప్యూటర్ ఆఫ్ చేయండి.

పీసీ బాల్ మౌస్‌నే మార్చుకోవడం

అమిగా మౌస్ దొరకలేదు, సీరియల్ బాల్ మౌస్‌లు మాత్రం కుప్పలుగా ఉన్నాయి. లోపలి చక్రాలు, ఎల్‌ఈడీలు, సెన్సర్లు రెండిటిలోనూ ఒకే తీరువే. తేడా అంతా మధ్యలో ఉన్న చిప్‌లో ఉంది. ఆ చిప్ తీసేసి, సెన్సర్ల సంకేతాన్ని శుభ్రమైన 0, 5 వోల్టులుగా మార్చి బయటికి పంపితే అమిగా మౌస్ తయారవుతుంది. ఓపిక ఉన్నవాళ్ళకు ఇది చాలా తృప్తినిచ్చే పని.

సెన్సర్లు నాలుగు. ఎల్‌ఎం339 అనే చిప్‌లో కంపారేటర్లు (రెండు వోల్టేజీలను పోల్చి ఏది ఎక్కువో చెప్పేవి) కూడా సరిగ్గా నాలుగే. ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది. 3వ కాలు 5 వోల్టులకు, 12వ కాలు గ్రౌండుకు.

మూడు కాళ్ళ సెన్సర్‌లో సాధారణంగా ఒకటి ఉమ్మడి కాలు, దాన్ని 5 వోల్టులకు ఇవ్వండి. మిగతా రెండు కాళ్ళ నుంచి గ్రౌండుకు ఒక్కో 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఆ కలిసే చోటు నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా కంపారేటర్ ప్లస్ కాలుకు. నాలుగు మైనస్ కాళ్ళూ కలిపి ఒక 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (స్క్రూడ్రైవరుతో తిప్పి మార్చే రెసిస్టర్) మధ్య కాలుకు, దాన్ని 1.5 వోల్టుల దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ప్రతి అవుట్‌పుట్ నుంచి 5 వోల్టులకు 4.7 కిలో ఓమ్‌లు తప్పనిసరి. ఎల్‌ఎం339 అవుట్‌పుట్ కిందికి లాగగలదు కాని పైకి నెట్టలేదు, ఆ రెసిస్టర్ లేకపోతే సంకేతం పైకి లేవదు. ప్రతి అవుట్‌పుట్ నుంచి దాని ప్లస్ కాలుకు 1 మెగా ఓమ్ కూడా వేయండి. అది లేకపోతే చీలిక అంచు సెన్సర్ మీద సగంలో ఆగినప్పుడు అవుట్‌పుట్ వణికి, ముట్టుకోకుండానే బాణం కదులుతుంది.

రెండు ఎల్‌ఈడీలనూ వరుసగా కలిపి 330 ఓమ్‌ల రెసిస్టర్‌తో 5 వోల్టులకు ఇస్తే దాదాపు 8 మిల్లీయాంపులు పారుతుంది, అది చాలు. అవి కంటికి కనబడని వెలుగు ఇస్తాయి. ఫోన్ కెమెరాలో చూస్తే చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలా కనబడుతుంది. చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ మీటరుతో అవుట్‌పుట్ చూడండి. 0కూ 5కూ మధ్య స్పష్టంగా మారాలి. ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతే ప్రీసెట్ కొంచెం తిప్పండి. బటన్లకు పాత మైక్రోస్విచ్‌లే వాడుకోవచ్చు. బోర్డు మీది పాత దారులు తెంపేసి ఒక కాలు గ్రౌండుకు, ఒక కాలు 6కో 9కో ఇవ్వండి.

కుడికి జరిపితే ఎడమకు పోతోందా? ఆ జతలో రెండు వైర్లు మార్చండి. అంతకు మించి ఏమీ లేదు.

కొత్త యూఎస్‌బీ మౌస్ వాడాలంటే

బంతి, రోలర్ల గొడవ వద్దనుకుంటే అడాప్టర్ కావాలి, చిప్ ఉన్న అడాప్టర్. మౌస్టర్ అనేది యూఎస్‌బీ మౌస్‌ను అమిగా, ఎస్‌టీ, కమోడోర్ 64కు కలుపుతుంది. స్మాలీమౌస్2 డిజైన్ అందరికీ తెరిచి ఉంది, బీబీసీ మైక్రోకు కూడా పనిచేస్తుంది. ఇవి విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపి లెక్కేసుకోండి.

మౌస్ ఎంపికలో రెండు సంగతులు. మొదటిది, కరెంటు. మౌస్ అడుగు లేబుల్ మీద 100 మిల్లీయాంపులు లేదా తక్కువ రాసున్న తీగ మౌస్ తీసుకోండి. కమోడోర్ 64 పోర్టుకు కంపెనీ చెప్పిన గరిష్ఠం 50 మిల్లీయాంపులే, కాబట్టి అక్కడికి అంతకు మించనిదే తీసుకోండి, రంగు లైట్లున్న గేమింగ్ మౌస్ పెట్టొద్దు. రెండోది, సున్నితత్వం. పాత మౌస్‌లు అంగుళానికి 200 లెక్కల చుట్టుపక్కల ఉండేవి, ఇప్పటివి 1000, ఆపైన. అమిగాలో మౌస్ లెక్క ఎనిమిది బిట్ల కౌంటర్‌లో పడుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని తెర మారినప్పుడల్లా, సెకనుకు 50 సార్లు చదువుతుంది. రెండు చదువుల మధ్య 127 లెక్కలు దాటితే అది వెనక్కి జరిగినట్టు అర్థమవుతుంది. 1000 లెక్కల మౌస్‌ను సెకనుకు ఆరేడు అంగుళాల వేగంతో లాగితే ఆ హద్దు వచ్చేస్తుంది. అడాప్టర్ లెక్క తగ్గించకపోతే బాణం ఉన్నట్టుండి ఎదురు దిక్కుకు దూకుతుంది. అందుకే ఖరీదైనదానికంటే అతి చవక ఆఫీసు మౌసే ఇక్కడ మేలు.

పీసీ మౌస్‌లతో వచ్చే యూఎస్‌బీ ప్లగ్గును గుండ్రటి పీఎస్/2 సాకెట్‌కు కలిపే ఆకుపచ్చ ముక్కను చూసి ఆశపడకండి. అందులో చిప్ ఉండదు, వైర్లే. మౌస్‌కే రెండు పద్ధతులూ వచ్చుంటే తప్ప పనిచేయదు. అమిగాకు అసలు సంబంధమే లేదు.

కమోడోర్ 64

దీని దారి వేరు. 1351 మౌస్ కదలికను సౌండ్ చిప్ సిడ్‌కు ఉన్న రెండు పాట్ ఇన్‌పుట్‌ల (తిప్పే కంట్రోలర్లను చదవడానికి పెట్టినవి) ద్వారా, అంటే 9, 5 పిన్నుల గుండా చెబుతుంది. అమిగా మౌస్ పెడితే 1351లా పనిచేయదు. అంతకుముందు వచ్చిన 1350 జాయ్‌స్టిక్‌లా మాత్రమే నటిస్తుంది: బాణం ఒకే వేగంతో ఈడ్చుకుపోతుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, కొనేముందు అడుగు లేబుల్ మీద నంబరు చూడండి.

పరీక్ష సులువు. మౌస్‌ను 1వ పోర్టుకు పెట్టి ఆన్ చేయండి. ఆ పోర్టు వైర్లు కీబోర్డుతో పంచుకున్నవి కాబట్టి బేసిక్ తెర మీద ఎడమ బటన్ నొక్కితే స్పేస్ పడి కర్సర్ జరుగుతుంది, కుడి బటన్ నొక్కితే 1 అంకె పడుతుంది. తర్వాత 54297, 54298 చిరునామాలను బేసిక్‌లోని పీక్ ఆదేశంతో చదివి అచ్చువేస్తూ తిరిగే రెండు లైన్ల ప్రోగ్రామ్ రాసి, మౌస్ జరపండి. అంకెలు రెండూ మెత్తగా పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. అడ్డంగా జరిపితే మొదటిది, నిలువుగా జరిపితే రెండోది. అంకెలు కదలకుండా, తెర మీద మాత్రం పిచ్చి అక్షరాలు పడుతుంటే మౌస్ జాయ్‌స్టిక్ మోడ్‌లో ఉంది. ఆన్ చేసేటప్పుడు కుడి బటన్ నొక్కి ఉంటే 1351 ఆ మోడ్‌లోకి పోతుంది. బటన్ ఇరుక్కుపోయినా అంతే. జియోస్ (బొమ్మల మీద మౌస్‌తో నొక్కి వాడే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళు ఇన్‌పుట్ డ్రైవర్‌గా 1351ను ఎంచుకోవడం మరచిపోవద్దు.

పాత పీసీలు

ఇక్కడ దొరకడం సులువు, తికమక ఎక్కువ. సీరియల్ మౌస్ సెకనుకు 1200 బిట్ల వేగంతో, మైక్రోసాఫ్ట్ పద్ధతిలో మూడు బైట్ల కట్టలు పంపుతుంది. మౌస్ సిస్టమ్స్ పద్ధతిలో ఐదు బైట్లు. డ్రైవర్ "మౌస్ లేదు" అంటే ముందు అడుగు స్విచ్‌ను "ఎంఎస్" వైపు జరిపి చూడండి, చాలావరకు అక్కడే తీరిపోతుంది. తర్వాత కామ్1 (మొదటి సీరియల్ పోర్టు) ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ను పిలిచే లైను) 4 మీద, కామ్2 ఐఆర్‌క్యూ 3 మీద ఉన్నాయో లేదో కార్డు జంపర్లు చూడండి. లోపలి మోడెమ్ కార్డు ఉంటే తరచూ ఈ రెండిటిలో ఒకదాన్ని ఆక్రమిస్తుంది. డాస్‌కు సీటీమౌస్ డ్రైవర్ చిన్నది, ఉచితం. ఏ పోర్టో చెప్పకపోయినా అదే వెతుక్కుంటుంది.

పెద్ద సాకెట్లున్న ఎక్స్‌టీ తరం పీసీల్లో పాతిక పిన్నుల సాకెట్ పిన్నులతో ఉంటే సీరియల్, రంధ్రాలతో ఉంటే ప్రింటర్‌ది. తొమ్మిది నుంచి పాతికకు మార్చే ముక్క సీరియల్‌కే పెట్టాలి.

సీరియల్ మౌస్‌ను అమిగాకు గాని, అమిగా మౌస్‌ను పీసీ సీరియల్ పోర్టుకు గాని పెట్టొద్దు. రెండూ చక్కగా దూరతాయి. పీసీ సీరియల్ లైన్ల మీద 12 వోల్టుల వరకు, రుణ వోల్టేజీతో సహా ఉంటుంది. 5 వోల్టులకు తయారైన మౌస్ దానికి తట్టుకోదు.

పీఎస్/2 గుండ్రటి ఆరు పిన్నుల మౌస్ 1987 నుంచి వచ్చింది. కంప్యూటర్ నడుస్తుండగా పెట్టి తీయడం వల్ల బోర్డు మీది చిన్న ఫ్యూజ్ పోవచ్చు, పోతే ఆ తర్వాత ఏ మౌస్ పెట్టినా పలకదు. పోర్టు 4వ పిన్నుకూ 3వ పిన్నుకూ మధ్య 5 వోల్టులు రాకపోతే తప్పు మౌస్‌ది కాదు, ఆ ఫ్యూజ్‌దే. అలాగే గుండ్రటి తొమ్మిది పిన్నుల బస్ మౌస్ కనబడితే పారేయకండి. అది పీసీలో ప్రత్యేక కార్డుతోనే పనిచేస్తుంది, కాని లోపల క్వాడ్రేచర్ సంకేతమే ఇస్తుంది. ప్లగ్గు కోసేసి వైర్లు ఒక్కొక్కటిగా గుర్తుపట్టి అమిగా ప్లగ్గు వేసుకోవచ్చు.

మిగతావి

మాకింటోష్ ఎస్‌ఈ, మాక్ 2 (1987) నుంచి మౌస్‌కు ఏడీబీ అనే గుండ్రటి నాలుగు పిన్నుల సాకెట్. కేబుల్ పోతే ఎస్-వీడియో కేబుల్ సరిపోతుంది, ప్లగ్గు అదే. యూఎస్‌బీ మౌస్‌కు వాంబ్యాట్ అనే అడాప్టర్ ఉంది. నడుస్తుండగా ఏడీబీ తీయొద్దు. బీబీసీ మైక్రోకు ఏఎంఎక్స్ మౌస్ అడుగున ఉన్న 20 పిన్నుల యూజర్ పోర్టుకు పోతుంది. డిస్క్, ప్రింటర్ సాకెట్లు పక్కనే ఉంటాయి, సరిచూసి పెట్టండి. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్‌కు మౌస్ పోర్టే లేదు, కెంప్స్టన్ మౌస్ ఇంటర్‌ఫేస్ వెనక ఎడ్జ్ కనెక్టర్‌కు తగిలించాలి. సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని గుర్తించేదై ఉండాలి.

ఉప్పుగాలి, చిలుము

మన ఊళ్ళో దొరికే మౌస్‌లలో ఎక్కువ భాగం చెడిపోయినవి కావు, పట్టిపోయినవి. సముద్రపు గాలికి ప్లగ్గు రంధ్రాల్లో ఆకుపచ్చ చిలుము, స్క్రూలకు తుప్పు. 2014 అక్టోబర్ హుద్‌హుద్‌లో తడిసి ఆ తర్వాత తెరవని సామాను కూడా ఇంకా కొట్లకు వస్తుంటుంది. స్క్రూ తలలు గోధుమరంగు పొడిగా రాలుతుంటే లోపల నీళ్ళు చేరాయని అర్థం, అలాంటిది విడిభాగాల కోసమైతేనే కొనండి.

శుభ్రం చేసే తీరు: బంతి తీసి సబ్బు నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. రబ్బరు బంతికి ఆల్కహాల్ పూయొద్దు, గట్టిపడి జారుతుంది. లోపలి రోలర్ల మీద నల్లటి పట్టీలా పేరుకున్న మట్టిని గోటితోనో టూత్‌పిక్‌తోనో గీకి, తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్ బడ్‌తో తుడవండి. బ్లేడు వాడితే రోలర్ గీతలు పడి ఎప్పటికీ ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. చీలికల చక్రంలో, సెన్సర్ల ముందు చేరిన వెంట్రుకలు, నూగు పట్టకారుతో తీయండి. ప్లగ్గు చిలుముకు కాంటాక్ట్ క్లీనర్ చల్లి, పాత జాయ్‌స్టిక్ ప్లగ్గును పదిసార్లు పెట్టి తీసి, మళ్ళీ చల్లి ఆరనివ్వండి. కంప్యూటర్ వైపు పిన్నులకు నూనె చల్లేవాళ్ళున్నారు. వద్దు, దుమ్ము పట్టి ముద్ద అవుతుంది.

బాణం అడ్డంగానో నిలువుగానో కదలకపోవడం, క్లిక్ రెండుసార్లు పడటం, ఎండలో తిక్కగా ప్రవర్తించడం, ఇవన్నీ వేర్వేరు జబ్బులు. అడ్డంగానో నిలువుగానో పోకుండా ఉన్నచోటే వణికితే ఆ జతలో ఒక వైరు తెగింది. మౌస్ తోకను శరీరం దగ్గర చేత్తో వంచుతూ బజర్ చూస్తే తెగినచోటు తెలుస్తుంది, నూటికి తొంభైసార్లు అది మౌస్‌లోకి కేబుల్ దూరే చోటే. అక్కడికి రెండు అంగుళాలు కోసేసి మళ్ళీ సోల్డర్ చేయడమే మందు. ఒక్క క్లిక్ రెండుగా పడితే మైక్రోస్విచ్ అరిగింది. అదే కొలతకు ఓమ్రాన్ డీ2ఎఫ్ రకం మూడు కాళ్ళ స్విచ్ వేయండి. విప్పేటప్పుడు పాతదాని ఫొటో తీసుకోండి, బటన్ చుక్క ఏ వైపు ఉందో తర్వాత గుర్తుండదు. ఎండ వెలుగు పడినప్పుడు మాత్రమే బాణం తిక్కగా ప్రవర్తిస్తే పలచని తెల్ల ప్లాస్టిక్ గుండా వెలుగు సెన్సర్లకు చేరుతోంది. మూత లోపలి వైపు నల్ల టేపు అతికించండి.

పని పూర్తయిన మౌస్‌ను బంతి తీసి విడిగా, ప్లగ్గుకు మూత పెట్టి, సిలికా జెల్ సంచితో కలిపి జిప్ కవర్‌లో ఉంచండి. బంతిని లోపలే ఉంచి నెలల తరబడి వదిలేస్తే రోలర్ ఆనినచోట దానికి సొట్ట పడుతుంది, ఆ సొట్ట ప్రతి చుట్టుకూ బాణాన్ని ఒకసారి తడబెడుతుంది.